350 బ్లాకులో 383: 1969 కమారో కోసం స్ట్రోకర్ కిట్ సమీక్ష

1969 షెవ్రోలే కమారో ఎస్‌ఎస్‌లో వచ్చిన 350 క్యూబిక్ అంగుళాల ఎల్48 ఇంజన్ కాగితం మీద 300 హార్స్‌పవర్. అది ఆ రోజుల గ్రాస్ లెక్క. ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ లాంటివేవీ లేకుండా స్టాండు మీద కొలిచిన అంకె అది. రోడ్డు మీద చక్రం దాకా చేరేది అందులో చాలా తక్కువ. బానెట్ ఎత్తి చూస్తే పాత ఇంజన్‌లాగే కనబడాలి, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం తేడా తెలియాలి అనుకునేవాళ్ళకి ఉన్న దారుల్లో అన్నిటికంటే చవకైనది 383 స్ట్రోకర్ కిట్. పిస్టన్ ఆడే దూరాన్ని (స్ట్రోకుని) పెంచి ఇంజన్‌ని పెద్దది చేసే క్రాంకు, రాడ్లు, పిస్టన్ల సెట్ అది.

తీర్పు ముందే చెప్పేస్తే, కిట్ మంచిదే, కొనొచ్చు. కానీ ఈ ఇంజన్లలో తేడా వచ్చేది కిట్‌లోని ఇనుములో కాదు. దేని బ్లాకు, దేని బ్యాలెన్సు, దేని పిస్టన్ అన్నది తేల్చుకోకుండా ధర చూసి ఆర్డర్ పెట్టేయడంలో వస్తుంది. అందుకే ఈ సమీక్షలో క్రాంకు మెరుపు గురించి తక్కువ, ఆ క్రాంకు చుట్టూ చేయాల్సిన లెక్కల గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు ఆ 383 అంకె సంగతి. 350 ఇంజన్‌కి బోరు (సిలిండర్ వ్యాసం) 4.000 అంగుళాలు, స్ట్రోకు 3.48. 1970లో వచ్చిన షెవ్రోలే 400 స్మాల్ బ్లాకు ఇంజన్‌కి (350 కుటుంబానిదే) స్ట్రోకు 3.75. ఆ స్ట్రోకుని 350 బ్లాకులోకి తెచ్చి, బోరుని 30 థౌ పెంచి 4.030 చేస్తే 382.7 క్యూబిక్ అంగుళాలు వస్తాయి. దాన్నే 383 అంటారు. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేయించినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు, ఇక్కడ కూడా లెక్కంతా అందులోనే సాగుతుంది. పాతరోజుల్లో 400 క్రాంకు తెచ్చి, దాని మెయిన్ జర్నల్‌ని (బ్లాకు బేరింగుల్లో తిరిగే భాగాన్ని) 2.65 నుంచి 2.45 అంగుళాలకి గ్రైండ్ చేయించి 350 బ్లాకులో కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ తిప్పలు లేవు. 2.45 మెయిన్ జర్నల్‌తో కొత్త 3.75 క్రాంకులే దొరుకుతున్నాయి. స్కాట్, ఈగిల్ కంపెనీల కిట్లు ఎక్కువగా వాడకంలో ఉన్నాయి.

కిట్‌లో క్రాంకు షాఫ్టు, 8 కనెక్టింగ్ రాడ్లు, 8 పిస్టన్లు, పిన్నులు, రింగులు, మెయిన్ బేరింగులు, రాడ్ బేరింగులు వస్తాయి. కొన్నిటిలో క్రాంకు ముందు చివర వణుకు తగ్గించే డ్యాంపర్, వెనక గేర్‌బాక్సు వైపు తగిలే ఫ్లెక్స్‌ప్లేటు కూడా కలిపి ఇస్తారు. గ్యాస్కెట్లు, టైమింగ్ చైను, ఆయిల్ పంపు, వాల్వుల్ని తెరిచే కామ్, లిఫ్టర్లు ఏవీ ఉండవు. మెషిన్ షాపు పనైతే సరేసరి. కిట్ ధర చూసి ఇంజన్ అయిపోయిందనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కిట్‌కి ఎంత పెడుతున్నారో మెషిన్ షాపుకి ఇంచుమించు అంతే పక్కన పెట్టుకోండి.

కాస్ట్ (పోత పోసిన) క్రాంకా, ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) క్రాంకా అన్న ప్రశ్నకి మా సమాధానం సూటిగా ఉంటుంది. సూపర్‌చార్జర్, నైట్రస్ లేకుండా, 6,000 ఆర్‌పీఎం దాటకుండా, 450 హార్స్‌పవర్ లోపు ఉండే వీధి కారుకి స్కాట్ 9000 సిరీస్ లాంటి కాస్ట్ స్టీలు క్రాంకు చాలు. మిగిలిన డబ్బు హెడ్ల మీద పెట్టండి, ఫలితం కళ్ళకు కనబడుతుంది. నైట్రస్ పెట్టే ఆలోచన ఇప్పుడు కాకపోయినా రెండేళ్ళకైనా ఉంటే మాత్రం 4340 రకం స్టీలు ఫోర్జ్‌డ్ క్రాంకే తీసుకోండి. ఇంజన్ రెండోసారి దింపే ఖర్చుతో పోలిస్తే ఆ తేడా పెద్దదేమీ కాదు. రాడ్లు ఫోర్జ్‌డ్ ఐ-బీమ్‌వి, ఏఆర్‌పీ కంపెనీ బోల్టులతో ఉంటే చాలు. హెచ్-బీమ్ రాడ్లు బలమైనవే గానీ వాటి భుజాలు వెడల్పు. ఈ బ్లాకులో చోటు దగ్గర అవే ఇబ్బంది పెడతాయి.

స్ట్రోకు పెరిగితే పిస్టన్ వేగం పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 6,000 ఆర్‌పీఎం దగ్గర 350లో సగటు పిస్టన్ వేగం నిమిషానికి 3,480 అడుగులు, 383లో 3,750. ఈ ఇంజన్‌ని కింది నుంచి మధ్య దాకా టార్క్ కోసం కట్టాలి గానీ 7,000 దాకా అరిపించడానికి కాదు. ఆ అరుపే కావాలంటే అదే ఏడాది జెడ్/28లో 3.00 అంగుళాల స్ట్రోకుతో వచ్చిన 302 దారి వేరు.

బ్యాలెన్సు దగ్గర జరిగే పొరపాటు

ఎక్కువ నష్టం చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. 400 ఇంజన్ ఫ్యాక్టరీ నుంచే ఎక్స్‌టర్నల్ బ్యాలెన్సు. అంటే క్రాంకు బరువులో కొంత భాగం ముందు డ్యాంపర్‌లో, వెనక ఫ్లెక్స్‌ప్లేటులో ఉంటుంది. పాత 350 ఇంటర్నల్ బ్యాలెన్సు, బయట ఏ బరువూ ఉండదు. 383 కిట్లు రెండు రకాలుగానూ అమ్ముతారు. ఎక్స్‌టర్నల్ కిట్ చవక. దానికి 400 డ్యాంపర్, 400 ఫ్లెక్స్‌ప్లేటు తప్పనిసరి. ఎక్స్‌టర్నల్ క్రాంకు కొని, ఉన్నదే కదా అని కారులోని పాత 350 డ్యాంపర్ బిగిస్తే ఇంజన్ వణుకుతుంది. ఆ వణుకు నెలల్లో మెయిన్ బేరింగుల్ని తినేస్తుంది.

1986 నుంచి వచ్చిన బ్లాకులతో ఇంకో చిక్కుంది. అప్పట్నుంచి వెనక ఆయిల్ సీలు ఒకే ముక్కగా మారింది. ఆ క్రాంకు వెనక అంచు గుండ్రంగా ఉండటంతో, అక్కడ లేని బరువుని ఫ్యాక్టరీవాళ్ళు ఫ్లెక్స్‌ప్లేటు మీద పెట్టారు. 1985 దాకా వచ్చినవి రెండు ముక్కల సీలు బ్లాకులు. ఒకదాని క్రాంకు ఇంకోదానికి నేరుగా కుదరదు. కాబట్టి కమారోలో ఇప్పుడున్నది అసలు బ్లాకేనా, మధ్యలో ఎవరైనా మార్చిన కొత్త కాలం బ్లాకా అన్నది కాస్టింగ్ నంబరు చదివి తేల్చుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఆ నంబరు బ్లాకు వెనక, గేర్‌బాక్సు అతికే అంచు మీద ఉంటుంది. 3970010 అని కనిపిస్తే అది 1969 నుంచి చాలా ఏళ్ళపాటు నడిచిన రెండు ముక్కల సీలు బ్లాకు. 14093638 అని ఉంటే ఒక ముక్క సీలుదీ, రోలర్ లిఫ్టర్లకి చోటున్నదీ.

మా ఓటు ఇంటర్నల్ బ్యాలెన్సుకే. రేపు డ్యాంపర్ మార్చాల్సి వచ్చినా, ఆటోమేటిక్ తీసి మాన్యువల్ గేర్‌బాక్సు పెట్టినా బరువుల గొడవ ఉండదు. కానీ "బ్యాలెన్స్‌డ్ కిట్" అన్న మాట చూసి ఊరుకోకండి. క్రాంకుని ఏ బాబ్‌వెయిట్‌కి (ఒక జర్నల్ మీద పడే రాడ్లు, పిస్టన్ల లెక్క బరువుకి) బ్యాలెన్సు చేశారో కాగితం అడగండి. ఈ లెక్క కష్టమేమీ కాదు. ఒక జర్నల్ మీద రెండు రాడ్లు ఉంటాయి. రాడ్డు పెద్ద చివర 430 గ్రాములు, బేరింగు జత 45 గ్రాములు అనుకుంటే రెండింటికి 950. ఆయిల్‌కి 4. పైకీ కిందికీ ఆడే బరువులో సగమే లెక్కలోకి వస్తుంది. రెండు పిస్టన్లలో సగం అంటే ఒకదాని బరువు. పిస్టన్ 480, పిన్ను 120, రింగులు, లాకులు 40, రాడ్డు చిన్న చివర 180 కలిపితే 820. మొత్తం 1,774 గ్రాములు. క్రాంకు ఇంతకంటే కొంచెం ఎక్కువకి చేసి ఉంటే దాని పక్కబరువుల్లో చిల్లు వేసి తగ్గించుకోవచ్చు, చిన్న పని. తక్కువకి చేసి ఉంటే మాత్రం క్రాంకులో టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహాన్ని కూరాలి, ఆ బిల్లు కిట్‌లో మిగిలిందంతా మింగేస్తుంది. తేలిక పిస్టన్ ఎంచుకోవడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే.

రాడ్డు పొడవు

5.7 అంగుళాల రాడ్డా, 6.0 అంగుళాల రాడ్డా అన్నదాని మీద వాదనలు తెగవు. లెక్క మాత్రం చిన్నదే. బ్లాకు డెక్ (హెడ్డు కూర్చునే పైతలం) ఎత్తు క్రాంకు మధ్య నుంచి 9.025 అంగుళాలు. అందులో స్ట్రోకులో సగం 1.875, రాడ్డు పొడవు తీసేస్తే మిగిలేది పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఉండే ఎత్తుకి చోటు. 5.7 రాడ్డుకి 1.425 ఎత్తున్న పిస్టన్, 6.0 రాడ్డుకి 1.125 ఎత్తున్న పిస్టన్ వస్తాయి. రెండింటిలోనూ పిస్టన్ తల డెక్ కంటే 25 థౌ కిందే ఆగుతుంది.

పొడవు రాడ్డుతో పిస్టన్ పొట్టిదై తేలికవుతుంది, బ్యాలెన్సు సులువవుతుంది, సిలిండర్ గోడ మీద పక్కతోపుడు కాస్త తగ్గుతుంది. రాడ్డుకీ స్ట్రోకుకీ నిష్పత్తి 5.7తో 1.52, 6.0తో 1.60. అసలు 350లో అది 1.64. అయితే పొట్టి పిస్టన్‌లో పిన్ను పైకి జరిగి, కొన్ని డిజైన్లలో ఆయిల్ రింగు గాడిని తాకుతుంది. అప్పుడు ఆ గాడి కింద సపోర్టు రెయిలు పెట్టాలి. అది తలకిందులుగా కూర్చుంటే ఇంజన్ ఆయిల్ తాగుతుంది. ఏళ్ళ తరబడి తిప్పుకునే వీధి కారుకి 5.7 రాడ్డు, ఎత్తు పిస్టన్ నిశ్చింతైన జత. ఫోర్జ్‌డ్ పిస్టన్లకి వెళుతున్నవాళ్ళకి 6.0 బాగుంటుంది. పవర్‌లో మాత్రం రెండింటి తేడా ఈ స్థాయి ఇంజన్లో పట్టించుకోదగ్గది కాదు.

కంప్రెషన్ లెక్క చేతితో వేసుకోండి

కిట్ పేజీలో "10:1 పిస్టన్లు" అని రాసి ఉన్నా నమ్మకండి. కంప్రెషన్ పిస్టన్ ఒక్కదానిదే కాదు. ఒక సిలిండర్ ఊడ్చే ఘనపరిమాణం 784 సీసీ. దీనికి ఎదురుగా పైన మిగిలే ఖాళీ ఎంతో చూడాలి. 64 సీసీ ఛాంబర్ (పెట్రోలు మండే గది) ఉన్న హెడ్డు, 5 సీసీ వాల్వు గాడులున్న ఫ్లాట్‌టాప్ పిస్టన్, 4.100 బోరుతో 39 థౌ మందం గ్యాస్కెట్ అంటే 8.4 సీసీ, పిస్టన్ 25 థౌ కిందున్నందుకు 5.2 సీసీ. మొత్తం 82.6. దీనికి 784 కలిపి 82.6తో భాగిస్తే 10.5. ఇవే హెడ్లు, ఇదే గ్యాస్కెట్ మామూలు 350 మీద ఉంటే 9.7 మాత్రమే వచ్చేది. స్ట్రోకు పెంచడంతోనే కంప్రెషన్ ఎంత ఎగబాకిందో చూడండి. పాత హెడ్లనే తిరిగి బిగించినవాళ్ళ ఇంజన్ ఎందుకు నాకింగ్ చేస్తుందో (పెట్రోలు వేళ తప్పి అంటుకుని టకటకలాడుతుందో) దీంట్లోనే ఉంది.

ఇనుప హెడ్లకి 9.5 దగ్గర, అల్యూమినియం హెడ్లకి 10 నుంచి 10.5 మధ్య ఆగడం బంకు పెట్రోలుకి క్షేమం. కాలిఫోర్నియాలో బంకులో దొరికే పైరకం పెట్రోలు 91 ఆక్టేన్ (నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె), చాలా రాష్ట్రాల్లో 93. ఇండియాలో బంకు మీద చూసే ఆక్టేన్ అంకె ఆర్‌ఓఎన్ పద్ధతిది. అమెరికా 91 ఆ పద్ధతిలో సుమారు 95, 96కి సమానం. రెండూ ఒకటే అనుకుని లెక్క వేసుకుంటే తేడా కొట్టేస్తుంది.

కంప్రెషన్ ఒక్కటి తగ్గించుకుంటే సరిపోదు, క్వెంచ్ కూడా చూడాలి. పిస్టన్ తల పైకొచ్చి ఆగినప్పుడు దాని చదును భాగానికీ హెడ్డు చదును భాగానికీ మధ్య మిగిలే సందు అది. 35 నుంచి 45 థౌ మధ్య ఉంటే మిశ్రమం బాగా చిలికినట్టు కలిసి నాకింగ్ తగ్గుతుంది. పై లెక్కలో అది 25 ప్లస్ 39, అంటే 64 థౌ. చాలా ఎక్కువ. కంప్రెషన్ తగ్గిద్దామని ఇంకా మందం గ్యాస్కెట్ వేస్తే అంకె తగ్గుతుంది గానీ సందు పెరిగి నాకింగ్ మళ్ళీ మొదటికొస్తుంది. ఇది చాలామంది చేసే తప్పు.

సరైన వంటకం ఇదీ: బ్లాకు డెక్‌ని మెషిన్ చేయించి పిస్టన్ తలని డెక్‌కి సమం చేయండి. 39 థౌ గ్యాస్కెట్, 64 సీసీ అల్యూమినియం హెడ్డు, 12 సీసీ గుంత ఉన్న పిస్టన్ పెట్టండి. ఖాళీ 84.4 సీసీ, కంప్రెషన్ 10.3, క్వెంచ్ 39 థౌ. ఆ గుంత ఛాంబర్‌కి ఎదురుగా డి ఆకారంలో ఉండాలి. మధ్యలో గుండ్రటి గిన్నెలా ఉంటే క్వెంచ్ చదును చెడిపోతుంది. ఇదే సమం చేసిన డెక్ మీద ఫ్లాట్‌టాప్ పెట్టారంటే 11.1 అవుతుంది, బంకు పెట్రోలుతో ఇక కుదరదు.

డెక్ మెషిన్ చేయించకూడని కార్లూ ఉన్నాయి. కుడి పక్క హెడ్డుకి ముందు బ్లాకు మీద చిన్న చదును గట్టు ఉంటుంది. ఇంజన్ కోడ్, చాలా కార్లలో వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) చివరి అంకెలు దాని మీదే కొట్టి ఉంటాయి. డెక్‌తో పాటు ఆ గట్టు కూడా చెక్కుకుపోతుంది. నంబర్లు కలిసే అసలు కమారో అయితే ఆ ఒక్క కోతతో కారు విలువలో పెద్ద భాగం ఇనుప రజనుగా నేలపాలవుతుంది. మళ్ళీ కొట్టించిన నంబర్లని తెలిసినవాళ్ళు గీతలు చూసి పట్టేస్తారు. అలాంటి కారుకి అసలు ఇంజన్ దింపి, ఆయిల్ పూసి, కవర్ కప్పి దాచండి. స్ట్రోకర్‌ని వేరే 3970010 బ్లాకులో కట్టండి. ఈ ఒక్క విషయంలో మాకు రెండో మాట లేదు.

డెక్ ముట్టుకోకుండానే ఇనుప హెడ్లతో కట్టాలంటే దారుంది. 15 థౌ స్టీలు షిమ్ గ్యాస్కెట్ వేస్తే క్వెంచ్ 40 థౌకి వస్తుంది. 76 సీసీ ఛాంబర్లతో కంప్రెషన్ 9.8 దగ్గర ఆగుతుంది, 93 పెట్రోలుతో నడుస్తుంది. ఈ షిమ్ గ్యాస్కెట్ అల్యూమినియం హెడ్ల కింద వాడకండి.

రాడ్డు ఎక్కడ తగులుతుంది

స్ట్రోకు 0.27 అంగుళాలు పెరిగితే రాడ్డు పెద్ద చివర ప్రతి వైపూ 0.135 అంగుళాలు బయటికి తిరుగుతుంది. అది తగిలే చోట్లు రెండు. కింద ఆయిల్ చాంబర్ బిగించే అంచూ, సిలిండర్ల అడుగు అంచూ ఒకటి. పైన కామ్ షాఫ్టు రెండోది, ముఖ్యంగా 1, 2, 5, 6 సిలిండర్ల రాడ్లకి.

బోరింగ్ అయ్యాక, చివరి హోనింగ్‌కి ముందు, కడగక ముందు ట్రయల్ వేయాలి. మెయిన్ బేరింగులు పెట్టి, వెనక సీలు లేకుండా క్రాంకు కూర్చోబెట్టి క్యాపులు బిగించండి. కామ్, టైమింగ్ చైను గుర్తులు కలిపి పెట్టండి. రింగుల్లేని పిస్టన్‌ని రాడ్డుకి తగిలించి ఒక్కో సిలిండర్‌లో దించి, బోల్టులు బిగించి, చేత్తో మెల్లగా తిప్పండి. క్రాంకు రెండు పూర్తి చుట్లు తిరగాలి, ఒకటి చాలదు. కామ్ సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి మొదటి చుట్టులో దూరంగా ఉన్న కామ్ లోబు (వాల్వు తెరిచే ఉబ్బు) రెండో చుట్టులో రాడ్డు బోల్టు తలకి ఎదురుగా వస్తుంది. బ్లాకు దగ్గర కనీసం 60 థౌ సందు ఉండాలి. 1/16 అంగుళం డ్రిల్ బిట్ తోక అటూ ఇటూ తగలకుండా దూరితే చాలు, అది 62.5 థౌ. కామ్ దగ్గర 50 థౌ.

తగిలే చోట మార్కర్‌తో గుర్తు పెట్టి, డై గ్రైండర్‌కి కార్బైడ్ బర్ తగిలించి కొంచెం కొంచెంగా తీయండి. సిలిండర్ అడుగున ఆత్రపడితే వెనక నీటి జాకెట్‌లోకి చిల్లు పడుతుంది. బ్లాకు చెత్తకే. కామ్ దగ్గర తగిలితే బ్లాకుని చెక్కి లాభం లేదు. బోల్టు భుజం చెక్కిన స్ట్రోకర్ రాడ్లు తీసుకోవాలి, లేదా చిన్న బేస్ సర్కిల్ కామ్ పెట్టాలి. కిట్ కొనేటప్పుడే "స్ట్రోకర్ క్లియరెన్స్ రాడ్లేనా" అని అడిగితే ఈ తలనొప్పి ఉండదు. తర్వాత కామ్‌ని 4 డిగ్రీలు ముందుకో వెనక్కో జరిపితే ఈ ట్రయల్ మళ్ళీ వేయాలి. ఆయిల్ చాంబర్‌ని గ్యాస్కెట్‌తో సహా బిగించి తిప్పి చూడటం, ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టం క్రాంకు పక్కబరువుకి తగలడం లేదని చూడటం మరచిపోవద్దు.

బిగింపు దగ్గర అంకెలు

మెయిన్ బేరింగు సందు 20 నుంచి 30 థౌలో పదోవంతులు, అంటే 0.0020 నుంచి 0.0030 అంగుళాలు. రాడ్డు బేరింగు 0.0020 నుంచి 0.0025. మెయిన్ క్యాపులకి బోల్టులు తీసి ఏఆర్‌పీ స్టడ్లు పెడితే లైన్ హోనింగ్ (మెయిన్ రంధ్రాలన్నిటినీ ఒకే వరసలో సాన పట్టడం) తప్పనిసరి. స్టడ్డు క్యాపుని లాగే తీరు వేరు, రంధ్రం గుండ్రం తప్పుతుంది. రెండు బోల్టుల క్యాపులున్న బ్లాకు ఈ స్థాయికి స్టడ్లతో సరిపోతుంది, నాలుగు బోల్టులది కావాలని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

కొత్త క్రాంకుల జర్నల్ మూలల్లో వంపు పెద్దది. మామూలు బేరింగు అంచు దాన్ని ఒరుసుకుంటుంది. అంచు చెక్కిన బేరింగులు కావాలి, క్లెవైట్‌లో ఇవి హెచ్‌ఎన్ గుర్తుతో వస్తాయి. రాడ్డుకి కూడా ఒక పక్క అంచు ఎక్కువ చెక్కి ఉంటుంది. ఆ పక్క క్రాంకు వంపు వైపు, చదును పక్క పొరుగు రాడ్డు వైపు ఉండాలి. ఒక్క రాడ్డు తిరగబడినా ఆ బేరింగు ఎక్కువ మైళ్ళు ఉండదు.

రింగు సందుకి బోరుని 0.0045తో గుణించండి. 4.030కి పై రింగుకి 18 థౌ, రెండో రింగుకి 20. హోనింగ్‌ని హెడ్డు బదులు టార్క్ ప్లేటు బిగించి చేయించండి. పిస్టన్‌కీ గోడకీ సందు పిస్టన్ లోహాన్ని బట్టి మారుతుంది. హైపర్‌యుటెక్టిక్‌కి (సిలికాన్ ఎక్కువున్న పోత అల్యూమినియానికి) 2 థౌ లోపే చాలు, 2618 రకం ఫోర్జ్‌డ్ అల్యూమినియానికి 4 పైన కావాలి. కాబట్టి పిస్టన్లు చేతికి రాకుండా బోరింగ్ చేయించకండి. పిస్టన్ కొలిచి దాని ప్రకారం బోరు చేయాలి. రాడ్డు బోల్టులు కిట్ కాగితంలో రాసిన లూబ్రికెంట్‌తో, రాసిన టార్క్‌తోనే, వీలైతే సాగు కొలిచి బిగించండి.

ఆయిల్ పంపు మామూలు మోతాదుదే చాలు, పికప్ (ఆయిల్ పీల్చే మూతి) ఆయిల్ చాంబర్ అడుగు నుంచి 3/8 అంగుళం పైన ఉండాలి. వెనక మెయిన్ క్యాపు కింద బ్లాకులో ఒక చిన్న ప్లగ్గు ఉంటుంది. బ్లాకు కడిగించినప్పుడు అది తీసి తిరిగి పెట్టకపోతే ఆయిల్ ఫిల్టర్‌ని దాటేసి నేరుగా బేరింగులకి పోతుంది. ప్రెషరు గేజి మామూలుగానే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మిగతావి

హెడ్లు పాతవే ఉంచితే కిట్ మీద పెట్టిన డబ్బు సగం వృథా. 1970ల 76 సీసీ హెడ్లు 383కి ముక్కు మూసినట్టే. వోర్టెక్ ఇనుప హెడ్లు చవకగా బాగా ఊపిరి ఇస్తాయి. కానీ వాటికి వేరే ఇన్‌టేక్ మ్యానిఫోల్డు కావాలి, వాల్వు లిఫ్టు 0.470 దగ్గర ఆగాలి. 180 నుంచి 195 సీసీ పోర్టున్న అల్యూమినియం హెడ్లు ఈ ఇంజన్‌కి సరిజోడు. 350లో ఐడిల్ దగ్గర ఒగర్చే కామ్ 383లో మెత్తబడుతుంది. 50 థౌ లిఫ్టు దగ్గర కొలిస్తే ఇన్‌టేక్ 224, ఎగ్జాస్ట్ 230 డిగ్రీలున్న కామ్ పవర్ బ్రేకులకి సరిపడా వాక్యూమ్ ఉంచుతూనే పని చేస్తుంది. వాల్వుకీ పిస్టన్‌కీ ఇన్‌టేక్ పక్క 80, ఎగ్జాస్ట్ పక్క 100 థౌ సందు మట్టి ముద్ద పెట్టి చూసుకోండి. డ్యుయల్ ప్లేన్ మ్యానిఫోల్డు, 650 నుంచి 750 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) కార్బ్యురేటర్ సరిపోతాయి.

కారు వైపు చూస్తే మొదట మార్చాల్సినవి ఇంజన్ మౌంట్లు. ఆనాటి రబ్బరు మౌంటు విడిపోయి ఇంజన్ పైకి లేచి, త్రోటిల్ లాగేసే ప్రమాదం ఉండటంతో 1971 డిసెంబరులో షెవ్రోలే 67 లక్షల వాహనాల్ని వెనక్కి పిలిచింది. ఈ టార్క్‌కి లోపల కొక్కెంతో పట్టుకునే ఇంటర్‌లాక్ మౌంట్లే వాడండి. వెనక 10 బోల్టుల 8.2 అంగుళాల యాక్సిల్ ఉంటే అతుక్కునే టైర్లు వేసి లాగొద్దు, 12 బోల్టులదైతే దిగులు లేదు.

స్టార్ట్ చేసేముందు డ్రిల్ మిషన్‌తో ఆయిల్ పంపు తిప్పి, 16 రాకర్ల దగ్గరా ఆయిల్ కారేదాకా ఆగాలి. ఫ్లాట్ ట్యాపెట్ కామ్ (లిఫ్టర్ అడుగున రోలర్ లేని రకం) అయితే జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోసి, అంటుకోగానే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాల పైన ఉంచాలి. ఆ వ్యవధిలో ఐడిల్‌కి దించకూడదు. రోలర్ కామ్‌కి ఈ 20 నిమిషాల తంతు అక్కర్లేదు. తర్వాత ఆయిల్ మార్చి, ఫిల్టర్‌ని కోసి కాగితాన్ని పరచి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటుకునే బూడిదరంగు మెరుపు ఎక్కువగా ఉంటే కామ్ లోబు అరుగుతోంది. రాగిరంగు తళుకు కనబడితే బేరింగు పైపొర పోయింది, ఆయిల్ చాంబర్ విప్పి క్యాపులు తీసి చూడనిదే ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేయకండి.